తిరుపతి నుంచి మూడు బోట్లతో ఒక్కరోజు: స్వర్ణముఖి, పులికాట్, సముద్రం మూడూ కుదురుతాయా?

మీరు అడిగింది క్లుప్తంగా: తిరుపతిలో నలుగురైదుగురు స్నేహితులు, వాళ్ల కుటుంబాలు. చేతిలో మూడు చిన్న బోట్లు: రెండు ఫైబర్‌వి, ఒకటి గాలి నింపుకునే రబ్బరు బోటు. మూడింటికీ ఔట్‌బోర్డు ఇంజన్లు, అంటే బోటు వెనక పలకకు బయట తగిలించేవి. ఒక ఆదివారం పొద్దున బయల్దేరి నదిలో కొంత, పులికాట్‌లో కొంత తిరిగి, మొగ (సరస్సు సముద్రంలో కలిసే ఇరుకు దారి) దాటి సముద్రంలో తీరం వెంబడి ఒక చుట్టు వేసి సాయంత్రానికి ఇల్లు చేరాలి. ఇది అయ్యే పనేనా, అయితే ఏ నెలలో, ఏమేం చూసుకోవాలి అన్నారు.

సూటిగా చెప్తాను. సరస్సూ తీరమూ చూడొచ్చు, ఒకే రోజులో కాదు, రెండు ఆదివారాల్లో. కానీ మీ బోట్లతో మొగ దాటి సముద్రంలోకి పోవద్దు. ఇంజను తిరిగేదంతా లోపలి నీళ్లలోనే పెట్టుకోండి. సముద్రాన్ని ఇసుక మీద నడిచి వెళ్లి చూడండి. వెలుతురు వచ్చీ రాగానే నీళ్ల మీద ఉండాలి, పదిన్నరకు బోట్లు వెనక్కి తిరగాలి. నెలలంటారా, జనవరి, ఫిబ్రవరి.

నాది ఔట్‌బోర్డు ఇంజన్లు బాగుచేసే పని. సూళ్లూరుపేట, తడ, వాకాడు వైపు మత్స్యకారుల ఇంజన్లతోనే నా బతుకు గడిచింది. కాపురం తిరుపతిలో అయినా పని ఇప్పటికీ ఆ నీళ్లతోనే. మీలాగా సొంత బోట్లున్న వాళ్ల వెంట కూడా చాలాసార్లు వెళ్లాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు నది సంగతి. స్వర్ణముఖి మన ఊరి పక్కనే పారుతుంది, కాళహస్తిలో గుడిని ఆనుకొని పారుతుంది, నిజమే. కానీ అది వానల మీద బతికే ఏరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల్లో నీళ్లొస్తే వచ్చినట్టు, లేకపోతే ఇసుకే. 2021 నవంబరులో అదే ఏరు ఎట్లా పొంగిందో మీరు మర్చిపోయి ఉండరు. పొంగినప్పుడు దాంట్లో బోటు వేసే మాటే లేదు, తగ్గాక వేయడానికి నీళ్లుండవు. బోటు తేలేంత నీళ్లు నిలిచేది చివరి భాగంలో, వాకాడు బ్యారేజీకి దిగువన, ఉప్పునీళ్లు ఎదురొచ్చే చోట. అక్కడి నుంచి పైకి పోదామంటే బ్యారేజీ అడ్డం. సూళ్లూరుపేటలో చెంగాళమ్మ గుడి పక్కన పారే కాళంగి పరిస్థితీ ఇంతే.

బకింగ్‌హాం కాలువలో పోలేమా అని మీ తర్వాతి ప్రశ్న వస్తుందని తెలుసు. 1806లో మద్రాసు దగ్గర మొదలై, 1876–78 కరువు రోజుల్లో కూలి పనులతో పొడిగించిన కాలువ అది. ఒకప్పుడు ఉప్పు, కట్టెలు, ధాన్యం అన్నీ దాని మీదే నడిచాయి. 2008లో జాతీయ జలమార్గం 4లో చేర్చారు కూడా. కానీ మన వైపు చాలా చోట్ల పూడిపోయి, తుమ్మ కమ్ముకొని ఉంది. దాన్ని నమ్ముకొని రోజంతటి ప్రయాణం వేసుకోవద్దు.

కాబట్టి నది, సరస్సు, సముద్రం ఒకే దారాన గుచ్చాలన్న ఆలోచన వదిలేయండి. రెండు ఆదివారాలు చేసుకోండి. ఒకటి పులికాట్‌కి, ఇంకొకటి స్వర్ణముఖి చివరి పాయకి. రెండోది రబ్బరు బోటుకీ, తెడ్లతో నడిపే కయాక్‌లకీ సరిపోయే రోజు. నెమ్మదిగా ఇసుక దిబ్బ దాకా వెళ్లి, బోటు లాగి పెట్టి, నడిచి సముద్రం ఒడ్డుకు చేరవచ్చు. తూపిలిపాళెం బీచ్‌కి రోడ్డుంది కదా, ఈత రాని పెద్దవాళ్లు కార్లో అక్కడికి వెళ్లి కూర్చోవచ్చు. ఆ రోజు గురించి ఇంతకన్నా చెప్పేదేం లేదు. కష్టమంతా పులికాట్ రోజుదే.

పులికాట్‌ని చూసి చాలామంది "చెరువే కదా" అనుకుంటారు. చిల్కా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇది. నీటి మట్టాన్ని బట్టి సుమారు 250 నుంచి 450 చదరపు కిలోమీటర్ల దాకా పరుచుకుంటుంది. అంత విస్తీర్ణానికి సగటు లోతు మాత్రం మీటరు. ప్రమాదం ఈ లోతు లేకపోవడంలోనే ఉంది. లోతు తక్కువ నీళ్ల మీద గాలి లేస్తే అల పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెంట ఒకటి ఊపిరాడకుండా వస్తుంది. సముద్రంలో అదే గాలికి బోటు అల మీద ఎక్కి దిగుతుంది, ఇక్కడ ముక్కుతో గుద్దుకుంటూ నీళ్లు లోపల పోసుకుంటుంది. పైగా గట్టి గాలి నీళ్లను ఒక పక్కకి నెట్టేస్తుంది. పొద్దున మీరు హాయిగా దాటిన చోట మధ్యాహ్నానికి బురద తేలి ఉంటుంది. నాకు తెలిసి మన వైపు చిక్కుకుపోయిన బోట్లలో ఎక్కువ శాతం పొద్దున వచ్చిన దారినే నమ్ముకొని మధ్యాహ్నం తిరిగొచ్చినవే.

అందుకే పదిన్నర అన్నాను. జనవరిలో ఈశాన్యపు గాలి పొద్దున మెత్తగా ఉంటుంది, ఎండ ఎక్కేకొద్దీ బిగుస్తుంది. వెళ్లేటప్పుడు గాలికి ఎదురుగా, వచ్చేటప్పుడు గాలితో అన్నట్టు దారి వేసుకోండి. అలసిపోయి, పిల్లలు నిద్రకు జోగుతూ, పెట్రోలు తగ్గి ఉన్నప్పుడు ఎదురుగాలి తగలకూడదు. జనవరిలో సూర్యోదయం ఆరున్నర దాటాకే. కాళహస్తి, వరదయ్యపాళెం మీదుగా తడకు రెండు గంటలు వేసుకోండి. బోట్లు ట్రైలర్ల మీద ఉంటాయి కాబట్టి ఇంకో అరగంట కలుపుకోండి. మూడున్నరకల్లా తిరుపతి దాటాలి.

బోట్లు దించడానికి తడ దగ్గరి బీవీపాళెం అనువైన చోటు. ఫ్లెమింగో పండగ రోజుల్లో పర్యాటకుల పడవలు అక్కడి నుంచే తిరుగుతాయి. ఇరకం దీవి వాళ్లకు ఒడ్డుకు రావాలంటే పడవే దారి. అంటే ఆ రేవు నుంచి ఇరకం దాకా రోజూ పడవలు తిరిగే నీటి దారి ఒకటి ఉందన్నమాట. మీరు ఆ దారిలోనే పోవాలి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డుకు ఉత్తరాన ఉన్న భాగం వైపు పోకండి. అటు నీళ్లు ఇంకా పలచన, ఎండలు ముదిరితే ఎండిపోయి తెల్లటి ఉప్పు నేలగా మారిపోతుంది.

అనుమతులు. ఇది వదిలేస్తే రేవులోనే రోజు ముగిసిపోతుంది. మన వైపు సరస్సు పక్షుల అభయారణ్యం, 1972 వన్యప్రాణి చట్టం కిందికి వస్తుంది. సూళ్లూరుపేటలో అటవీ శాఖ వన్యప్రాణి విభాగం కార్యాలయానికి ముందే వెళ్లి, బోట్ల వివరాలు, మనుషుల పేర్లు రాసిచ్చి అనుమతి తీసుకోండి. ఇంజను ఉన్న బోటుకి 2021 నాటి అంతర్గత నౌకల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్, సర్వే పత్రాలు ఉండాలి. ఉంటే వెంట పెట్టుకోండి, లేకపోతే ముందు ఆ పని చూడండి. శ్రీహరికోట ఒడ్డున ఎక్కడా దిగకూడదు. అది షార్ (ఇస్రో రాకెట్ ప్రయోగ కేంద్రం) రక్షిత ప్రాంతం, డ్రోన్ ఎగరేసే ఆలోచన కూడా పెట్టుకోవద్దు. రాకెట్ ప్రయోగం ఉన్న రోజుల్లో పడవల మీద ఆంక్షలుంటాయి. తేదీ ఖాయం చేసుకునే ముందు ప్రయోగాల తేదీలు చూసుకోండి. దక్షిణాన తమిళనాడు నీళ్లు మొదలవుతాయి. నీటి మీద గీత కనపడదు గానీ అక్కడ చేపల వేట హద్దుల గురించి రెండు వైపుల మత్స్యకారుల మధ్య ఎప్పటి నుంచో తగాదాలున్నాయి. కొత్త బోట్లు కనపడితే అనుమానంగా చూస్తారు, వాళ్లను తప్పుపట్టలేం.

ఇక మొగ. మీకు మనసంతా అక్కడే ఉందని మీ ప్రశ్న చదివితేనే తెలుస్తోంది. ఎందుకు వద్దంటున్నానో చెప్తాను.

సరస్సుకి సముద్రంతో కలిసే దారులు మూడు చెప్తారు: ఉత్తరాన తూపిలిపాళెం, మధ్యలో రాయదొరువు, దక్షిణాన తమిళనాడు వైపు పళవేర్కాడు. మన వైపు దారులు ఇసుకతో పూడిపోతూ ఉంటాయి. తెరుచుకొని ఉన్నప్పుడు కూడా ఇసుక తిన్నె ఒకచోట నిలవదు. ఒక్క తుపాను వచ్చిపోతే కిందటి నెల దారి ఈ నెల ఉండదు. పాటు వేళ, అంటే సముద్రం వెనక్కి తగ్గేటప్పుడు, సరస్సు నీళ్లన్నీ ఆ ఇరుకులోంచి బయటికి లాగుతాయి. సముద్రం నుంచి అల లోపలికి వస్తుంది. రెండూ ఎదురైన చోట అల ఒక్కసారిగా నిలబడి విరుగుతుంది. ఒడ్డున నిలబడి చూస్తే అక్కడ తెల్లటి నురగ గీత కనపడుతుంది. అందంగానే ఉంటుంది. బోటులో కూర్చొని అదే చోటికి వస్తే మీ ఇంజను ఫ్యాను (నీళ్లలో తిరిగి బోటుని నెట్టే రెక్కలు) గాల్లో తిరుగుతుంది, బోటు అడ్డం తిరుగుతుంది, వెనక అల మీద పడుతుంది. ఇదంతా జరగడానికి నిమిషం పట్టదు.

"మత్స్యకారులు రోజూ దాటుతున్నారు కదా" అంటారు. దాటుతారు. ఒకడు ఇంజను మీద, ఇంకొకడు ముందు నిలబడి అలలను చూస్తూ, పెద్ద అలల వరస పోయేదాకా అక్కడే కాచుకొని, సందు దొరికినప్పుడు ఒక్క ఊపులో దాటుతారు. నిన్న తిన్నె ఎక్కడుందో వాళ్లకు తెలుసు, ఇవాళ ఎక్కడికి జరిగిందో పొద్దున్నే ముందు వెళ్లినవాడు చెప్తాడు. ఆదివారం ఒక్కరోజు వచ్చే మనకి ఆ సమాచారం లేదు. 2011 డిసెంబరు 25న పండగపూట విహారానికి వచ్చిన కుటుంబాల పడవ తమిళనాడు వైపు పులికాట్‌లో తిరగబడి 20 మందికి పైగా పోయారు. ఒంటి మీద లైఫ్ జాకెట్లు లేవు. ఆ వార్త చదివిన తర్వాత పిల్లలున్న బోటుని మొగ వైపు తిప్పమని నేనెవరికీ చెప్పలేదు, చెప్పను.

సముద్రం మీద తీరప్రయాణం చేయాల్సిందే అనుకుంటే వేరే రోజు, మీ బోట్లలో కాకుండా, స్థానిక మత్స్యకారుడి ఫైబర్ బోటులో, పెద్దవాళ్లు మాత్రమే, వాళ్ల ఊరి పెద్దలతో మాట్లాడుకొని వెళ్లండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం ఉంటుంది, ఆ రోజుల్లో అడగొద్దు. వెళ్లే ముందురోజు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) ఇచ్చే అలల అంచనా చూడండి. ఆపద వస్తే కోస్ట్‌గార్డ్ నంబరు 1554, మెరైన్ పోలీసులది 1093. ఈ రెండూ అందరి ఫోన్లలో ఉండాలి, ఒక్కరి ఫోన్లో కాదు.

మూడు బోట్లు కలిసి వెళ్లడం ఎలా? ఒంటరి బోటుకంటే మూడు బోట్లు క్షేమం అనుకుంటారు. కలిసి ఉంటేనే క్షేమం. మూడు చోట్ల మూడు బోట్లుంటే అది మూడు ఒంటరి ప్రయాణాలే.

ముందు బోటులో స్థానిక పడవవాణ్ణి కూర్చోబెట్టుకోండి. కూలి మాట్లాడుకొని, బీవీపాళెంలోనో ఇరకంలోనో రోజూ ఆ నీళ్ల మీద తిరిగేవాణ్ణి. అతను గెడ (పడవను నెట్టే పొడుగు కర్ర) చేత్తో పట్టుకుంటే మీ జీపీఎస్ కంటే ముందు లోతు చెప్తాడు. అన్నిటికంటే బలహీనమైన బోటు, అంటే మీ రబ్బరు బోటు, మధ్యలో. చివర్లో మంచి ఇంజను, లాగే తాడు, పనిముట్లు ఉన్న బోటు. చాలామంది మంచి ఇంజను ముందు పెడతారు, అది పరుగెత్తి పోతుంది, వెనకవాడికి ఏం జరిగిందో చూసేవాళ్లుండరు. వేగం ఎప్పుడూ నిదానంగా పోయే బోటుదే. ముందువాడు ప్రతి కొద్ది నిమిషాలకీ వెనక్కి తిరిగి మూడు బోట్లూ లెక్క చూడాలి. ముందు బోటు గీసిన నీటి గీతలోనే మిగతావి రావాలి, కానీ మరీ అంటుకొని కాదు. ముందుది బురదలో కూరుకుంటే వెనకది దాని మీదికి ఎక్కకూడదు.

ఇంజను చప్పుడులో అరుపులు వినపడవు. నిలువుగా తెడ్డు ఎత్తితే "ఆగండి", అడ్డంగా ఎత్తి ఊపితే "నా దగ్గరికి రండి". ఈ రెండు సైగలు చాలు, రేవులోనే అందరితో ఒకసారి చేయించండి. ఈలలు జాకెట్లకి కట్టి ఉండాలి.

ఇట్లా వెళ్లని ఒక జట్టు సంగతి చెప్తాను, పేర్లు వద్దు. రెండు బోట్లు పందెం వేసుకున్నట్టు ముందుకెళ్లిపోయాయి. మూడోదాంట్లో భార్యాభర్తలు, ఒక పిల్లాడు. ఇంజను పక్కనుంచి సన్నగా చిమ్మే నీటి ధార ఒకటుంటుంది కదా, ఇంజను లోపల చల్లబరిచే నీళ్లు తిరుగుతున్నాయని చెప్పే ధార. అది సన్నబడి, చుక్కలై, ఆగిపోయింది. వాళ్లకు దాని అర్థం తెలీదు. కాసేపటికి ఇంజను బిగుసుకుపోయింది. ముందువాళ్లు ఒడ్డు చేరి టిఫిను విప్పుకున్నాక గానీ లెక్క చూడలేదు. చీకటి పడే వేళకు చేపల పడవవాళ్లు లాక్కొచ్చారు. మర్నాడు ఆ ఇంజను నా దగ్గరికి వచ్చింది. కింది భాగం విప్పితే నీటి పంపు గూడు నిండా మెత్తటి బూడిదరంగు బురద, గట్టి పిండి ముద్దలా. దాని మధ్యలో రబ్బరు ఇంపెల్లర్, రెక్కలన్నీ కాలి ముడుచుకుపోయి, వేలితో తాకితే పొడిపొడిగా రాలింది.

ఆ ఇంపెల్లర్ ఖరీదు ఇంజను ఖరీదు ముందు ఏపాటి? ప్రయాణానికి ముందు కొత్తది వేయించండి, ఇంకొకటి సంచిలో పెట్టుకోండి. నీళ్ల మీద ఉన్నంతసేపూ ధార మీద ఒక కన్ను వేసి ఉంచండి. సన్నబడితే వెంటనే ఆపి, ఇంజను పైకి లేపి, అడుగున నీళ్లు పీల్చే జల్లెడ దగ్గర ప్లాస్టిక్, నాచు ఏమన్నా అడ్డం పడిందేమో చూడండి. ధార వచ్చే చిల్లులో గేలపు తీగ ముక్క దూర్చి తిప్పితే చాలాసార్లు బురద ఊడొస్తుంది. లోతు తగ్గినచోట ఇంజను కొంచెం పైకి వంచి, నిదానంగా నడపాలి. ఫ్యాను బురద చిమ్ముతోందంటే ఇంజను బురద తాగుతోందనే అర్థం. ఆపేసి గెడ వేయండి.

పెట్రోలు లెక్క: మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మూడో వంతు ముట్టుకోకూడదు. 10 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ ఇంజను నిండు వేగంలో గంటకు 4–5 లీటర్లు తాగుతుంది. ఆయిలు 50కి 1 పాళ్లలో అయితే లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్లు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ కలిసిన పెట్రోలు, అది గాల్లో తేమను లాక్కుంటుంది. కిందటి నెల ట్యాంకులో మిగిలింది పోయకండి, ఆ వారం కొన్నదే పోయండి. ఇంజను ఆపే ఎర్ర తాడు నడిపేవాడి చేతికో మోకాలికో చుట్టి ఉండాల్సిందే. నడిపేవాడు నీళ్లలో పడితే బోటు గుండ్రంగా తిరిగొచ్చి అతని మీదికే వస్తుంది.

వలలు. ఇవి ఎవరి బతుకో గుర్తుపెట్టుకోండి. వరసగా బెండ్లు, నీళ్లలో పాతిన కర్రలు కనపడితే అది వల. చివర చుట్టి పోవాలి. దారి లేకపోతే ఇంజను ఆపి, పైకి లేపి, గెడతో మెల్లగా దాటాలి. ఫ్యానుకి వల చుట్టుకుంటే కత్తి తీయకండి. ఇంజను ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, ఫ్యానుని చేత్తో వెనక్కి తిప్పుతూ విప్పండి, చాలామటుకు వచ్చేస్తుంది. తెగితే వల యజమానిని పిలిచి అక్కడికక్కడే డబ్బులిచ్చి, తప్పయిందని చెప్పి రండి. నేను చూసినంతలో అట్లా చేసినవాళ్లకి ఆ తర్వాత వాళ్లే దారి చూపించారు, ఇంట్లో టీ కూడా ఇచ్చారు.

పక్షుల దగ్గర ఇంకా జాగ్రత్త. ఫ్లెమింగోలు తలలు నీళ్లలో పెట్టి మేస్తున్నంతసేపూ మీ దూరం సరైనదే. తలలెత్తి, అన్నీ ఒకే వైపు నడవడం మొదలుపెట్టాయంటే అప్పటికే మీరు ఎక్కువ దగ్గరికి వచ్చారు. ఇంకొక్క నిమిషానికి లేచిపోతాయి. అవి అంత దూరం నుంచి వచ్చి మేత మేసుకునే నీళ్లు ఇవి. ఫొటో కోసం గుంపుని లేపిన బోటులో నేను రెండోసారి ఎక్కను. మంచి బైనాక్యులర్ ఒకటి తెచ్చుకోండి, పిల్లలు వంతులేసుకొని చూస్తారు.

లైఫ్ జాకెట్ విషయంలో బేరం లేదు. ఈత రానివాళ్లకీ పిల్లలకీ 100 న్యూటన్ల రకం కొనాలి (న్యూటన్లంటే జాకెట్ మనిషిని తేల్చే బలానికి కొలత). 50 న్యూటన్లవి ఈత వచ్చినవాళ్లకి సాయం చేస్తాయే గానీ సొమ్మసిల్లినవాళ్ల మొహాన్ని నీళ్లపైన పట్టవు. పిల్లల జాకెట్‌కి కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉండాలి, లేకపోతే జాకెట్ పైకి తేలి పిల్లాడు కిందికి జారతాడు. ముందు వారం తిరుపతిలోనే ఏదైనా ఈతకొలనులో వేసి దించి చూడండి. బోటు ఎక్కే ముందు వేసుకున్నది, దిగాకే విప్పాలి. "నీళ్లు నడుము లోతే కదా" అనకండి. అడుగున మోకాలి దాకా దిగే బురద ఉంది, ఆల్చిప్పలు కోస్తాయి, టేకి చేప ముల్లు దిగితే ఆ నొప్పి చెప్పనలవి కాదు. దిగక తప్పకపోతే బూట్లతో దిగి, పాదం ఎత్తకుండా నేలకు రాస్తూ నడవండి, టేకి ఉంటే తప్పుకుంటుంది.

తిండి ఇంటి నుంచే తెచ్చుకోండి. చిత్రాన్నం, పెరుగన్నం, మనిషికి మూడు లీటర్ల నీళ్లు. ఎండ కంటే నీటి మీద నుంచి కొట్టే వెలుగు ఎక్కువ దెబ్బ తీస్తుంది, టోపీలూ పొడుగు చేతుల చొక్కాలూ అందరికీ ఉండాలి. మధ్యాహ్నం ఒడ్డుకు చేరాక రొయ్యలో పీతలో తినాలంటే పొద్దున్నే రేవులో ఎవరింట్లోనైనా చెప్పి, డబ్బులిచ్చి పోండి. వండి ఉంచుతారు. ఒంటిగంటకల్లా అన్నం ముందు కూర్చుంటే ఆ రోజు సరిగ్గా నడిచినట్టే. అప్పటికి సరస్సు మీద గాలి ఎట్లా లేచిందో చెట్టు నీడలో కూర్చొని పిల్లలకు చూపించండి. తర్వాత టైముంటే కార్లలో నేలపట్టు వెళ్లి గూడబాతుల గూళ్లు చూసి, నాయుడుపేట మీదుగా తిరిగి రావచ్చు.

ఒడ్డున ఒక మనిషికి రాసి ఇచ్చి వెళ్లడం మరవొద్దు: ఎన్ని బోట్లు, ఎంతమంది, ఏ దారి, ఎన్నింటికి తిరిగొస్తారు. పన్నెండున్నర దాటితే ఎవరికి ఫోను చేయాలో కూడా అందులోనే రాయండి.

ఇంటికొచ్చాక ఒళ్లు నొప్పులుంటాయి, ఇంజను రేపు చూద్దాం అనిపిస్తుంది. ఆ రాత్రే మంచినీళ్ల డ్రమ్ములో ఇంజను కాలు ముంచి, తక్కువ వేగంలో పది పదిహేను నిమిషాలు తిప్పండి. లోపలి థర్మోస్టాట్ తెరుచుకునేంత వేడి ఎక్కితేనే ఉప్పు పూర్తిగా కడుక్కుపోతుంది. ట్రైలరు చక్రాల బేరింగులకీ మంచినీళ్లు కొట్టండి, గ్రీజు పెట్టండి.

మీరు రాయనివి మూడు ఉన్నాయి: ఇంజన్ల షాఫ్టు 15 అంగుళాలా 20 అంగుళాలా, బోటు వెనక పలక ఎత్తెంత, పిల్లలెంతమంది. పొడుగు షాఫ్టు అయితే ఫ్యాను ఇంకా లోతుకు దిగుతుంది, లోతు లేని పులికాట్‌లో మీకు అది ఇంకో కష్టం. కింద కామెంట్లో రాస్తే ఏ బోటులో ఎంతమందిని ఎక్కించాలో, ఏది ఇంట్లోనే వదిలి రావాలో చెప్తాను.